బొరుసు

నాది పటకారు పని.
కాగిన బంగారు బిళ్లని కొలిమిలోంచి తీసి
దాగలి గుంటలో పెట్టి
చెయ్యి వెనక్కి లాక్కోవడం.
ముప్పై ఏళ్లుగా ఇదే.
ఒక్కసారి లాక్కోవడం ఆలస్యమైంది,
అందుకే నా వేళ్ల లెక్క తొమ్మిదితో ఆగిపోతుంది.

కింద దాగలిలో బిగించిన అచ్చు చక్రవర్తిది.
పట్టుపరుపు మీద పడుకున్నట్టు
ముఖం పైకి పెట్టి పడుకుని ఉంటాడు.
పై అచ్చు కొసన బోర్లా వేలాడేది దేవత.
బొమ్మ ఆయన, బొరుసు ఆవిడ.
సమ్మెట పడేది ఆవిడ నెత్తి మీద.

ఈ ఏడు చెప్పిన దేవత న్యాయానిది,
చేతిలో తక్కెడ ఉండాలట.
అచ్చులు చెక్కే థ్రెప్టస్ ఎప్పుడైనా దేవతని చూశాడా?
జూనో గుడి మెట్ల కింద
బాతుల్ని అదిలిస్తూ ఉడికిన శనగలమ్మే అమ్మియాని చూశాడు.
ఒంటికాలి మీద బరువు మోపి,
జారిన పైబట్టని మోచేత్తో ఆపుకుంటూ
ఆమె తూచే తీరు
ఉక్కులో తలకిందులుగా, ఎడమని కుడి చేసి,
గోరంత చోట దించేశాడు.

శనగల సిబ్బి అడుగున ఆమె అంటించిన మైనం ముద్ద మాత్రం
చెక్కలేదు.
ఆ ముద్ద సంగతి కొండ మీద అందరికీ తెలుసు.
తిత్తులు ఊదే కుర్రాడికి
తూకం అయ్యాక గుప్పెడు ఎక్కువేస్తుందనీ తెలుసు.

మేం మాత్రం?
నేను పనిలో చేరిననాడు
లిబ్రా బంగారానికి నలభై నాణేలు.
ఇప్పుడు అదే లిబ్రాకి నలభై అయిదు.
ఆ సిబ్బి కింద మైనం ఎవరు పెట్టారని
ఏ మెట్ల దగ్గరా ఎవరూ అడగలేదు.

చలికాలం దాటకుండానే
ముసలి చక్రవర్తి తల నడివీధిలో తెగింది.
దాగలిలోంచి ఆయన్ని ఊడదీసి ఇంకొకణ్ణి బిగించాం.
వసంతం నడుమ ఆ ఇంకొకడూ పోయాడు,
మళ్లీ ఊడదీశాం.
కొత్తవాడి మెడ లావు,
అంచు అక్షరాలు ఇరుక్కుని నిలబడ్డాయి.
దేవతని మార్చే తీరిక ఎవరికుంది?
జీతాలడిగే సైనికులు గుమ్మంలో ఉన్నారు.
మూడు ముఖాల వెనక
ఒక్క అమ్మియానే దెబ్బలు తింది.

వేసవికి అచ్చు చీలింది.
అచ్చులో చీలిక నాణెం మీద గీతై లేస్తుంది,
ఆమె భుజం నుంచి తక్కెడ దాకా
సన్నటి బంగారు నరం.
బాగుందన్నాడు థ్రెప్టస్.
పగిలేదాకా కొట్టండి అన్నాడు అధికారి.

పగిలేలోపు ఆమెకి చూపించాలనిపించింది.
బంగారం బయటికి తెస్తే ప్రాణం పోతుంది.
శనగలు కొనే నెపంతో
ఆమె సిబ్బి కిందనుంచి మైనం గిల్లాను,
గిల్లుతుంటే చూసింది, ఏమీ అనలేదు.
మధ్యాహ్నం కొలిమి చల్లారాక
అచ్చు మీద అదిమి,
లేని వేలి మొండికి చుట్టిన గుడ్డలో దాచాను.
కావలివాడు గుడ్డ విప్పాడు.
మెరవనిది వాడి కంటికి ఆనదు, పొమ్మన్నాడు.

అమ్మియా దాన్ని ఎండకి ఎత్తి పట్టుకుంది.
ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది.
"ఎవరీవిడ? మంచి ఇంటి పిల్లలా ఉంది.
వ్యాపారం మాత్రం రాదు.
తాడు అంత కొసన పట్టుకుంటే
కాటా ఎటూ మొగ్గదు, ఏం తింటుంది పాపం?"

నువ్వే అని చెప్పబోయాను.
అప్పటికే బొటనవేలితో నలిపి
దేవతని మళ్లీ ముద్ద చేసి
సిబ్బి అడుగున అంటించేసింది.

నాకు శనగలు తూచింది.
తక్కువే.
తొమ్మిది వేళ్లూ చాపి పట్టుకున్నాను,
ఇంకా వేడిగా ఉన్నాయి.